రొండిన దోపిన తుపాకీ

మొన్నామధ్య ఒక మంగళవారం పొద్దున నేను చేసిన ఘనకార్యం చెబితే మీరు నమ్మరు. అరవై తొమ్మిదేళ్ళ దాన్ని, రిటైరైన పంతులమ్మని, చర్చిలో ముందు వరసలో కూర్చునే దాన్ని... పొగమంచులో ఒకడి నుదుటికి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాను! కేసు కాలేదు, జైలూ లేదు. పైగా ఆ దెబ్బతో నాకో కొత్త ఉద్యోగం దొరికింది. ఏ ఉద్యోగమో చివర్న చెబుతాను. ముందు పాఠం, తర్వాతే ప్రశ్నలు.

ఇప్పుడు నేనుండేది దుబాయ్‌లో. మనవాళ్ళకి ఎడారంతా దుబాయే గనక అలా అన్నాను. సరిగ్గా చెప్పాలంటే అబూధాబీ పక్కన బనియాస్. మా అమ్మాయి ప్రసన్న ఇక్కడ ఒక ఆస్పత్రిలో నర్సు. అల్లుడికి దూరంగా ఆయిల్ కంపెనీలో పని, వారానికోసారి వస్తాడు. పది నెలల మనవరాలు మిన్నుని చూసుకోవడానికి నన్ను పిలిపించారు. ఒక పెద్ద విల్లా వెనకవైపు రెండు గదుల పోర్షన్ మాది. వంటింటి కిటికీలోంచి చూస్తే పక్క స్థలంలో సగం కట్టిన ఇల్లు. తలుపుల్లేవు, కిటికీల్లేవు, అన్నీ చదరపు నల్లటి బొక్కలే. చుట్టూ ఇనుప గొట్టాల పరంజా.

ఇక్కడి చలికాలపు పొగమంచు గురించి ఒక మాట చెప్పాలి. మన వైపు మంచు పొలాల మీద కాసేపు పడుకుని, ఎండ రాగానే మర్యాదగా లేచి వెళ్ళిపోతుంది. ఇది అలాంటిది కాదు. ఇసుక మీద పాక్కుంటూ వచ్చి, గోడ దగ్గర ఆగి, మనింట్లోకి తొంగి చూస్తున్నట్టుంటుంది. అజాన్ వినిపిస్తుంది, మసీదు కనిపించదు. కారు చప్పుడు దగ్గరికొస్తుంది, కారు రాదు.

నాకో అలవాటుంది. ప్రసన్న చీకటితోనే ఆస్పత్రి వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయాక తలస్నానం చేసి, జుట్టు ఆరబోసుకుని, తెల్లచీర కట్టుకుని, ఆ వంటింటి కిటికీ దగ్గరే నిలబడి ప్రార్థన చేసుకుంటాను. పైకే చేసుకుంటాను. బడి గొంతు కదా, లోపల ఇమడదు.

వచ్చిన నాలుగో రోజో ఐదో రోజో, 'ఆమెన్' అని కళ్ళు తెరిచాను. ఎదురింటి కింది అంతస్తులో, తలుపు ఉండాల్సిన ఖాళీలో, ఒకడు నిలబడి ఉన్నాడు. తలకి హెల్మెట్. ఒంటి మీద నారింజరంగు జాకెట్. చేతులు కొంచెం ఎడంగా ఉన్నాయి. ముఖం ఉండాల్సిన చోట తెల్లగా ఉంది, అంతే. నా వైపే చూస్తున్నాడు.

పనివాడేలే అనుకున్నాను. కాఫీ కలుపుకొచ్చాను. అలాగే ఉన్నాడు. మిన్నుకి ఉగ్గు తినిపించాను. అలాగే ఉన్నాడు. కాలు మార్చలేదు, తల తిప్పలేదు. మనిషన్నవాడు అంతసేపు కదలకుండా ఉండలేడండీ. నేను ఎంతమంది పిల్లల్ని బెంచీ ఎక్కించానో, నాకు తెలుసు! ఎండ కాస్త ఎక్కి మంచు పలచబడ్డాక మళ్ళీ చూశాను. లేడు. ఆ ఖాళీలోంచి అవతలి ఆకాశం కనిపిస్తోంది.

రెండు రోజులాగి మళ్ళీ మంచు. ఈసారి పై అంతస్తులో ఉన్నాడు. నా వైపే. నేను ప్రార్థన గట్టిగా చేశాను, చేతులు పైకెత్తి మరీ చేశాను. తర్వాతి మంచు రోజున డాబా అంచున ఉన్నాడు. కిందకి వంగి చూస్తున్నట్టున్నాడు. గాలికి ఒక చెయ్యి మెల్లగా ఊగింది. నా చంకలో ఉన్న మిన్ను వాడికి టాటా చెప్పింది! ఆ పిల్ల కన్నతండ్రికే మూడ్ ఉంటే తప్ప టాటా చెప్పదు. "సాతానా, పో అవతలికి!" అని అరిచాను. మిన్ను నవ్వింది. వాడు మాత్రం చలించలేదు.

సాయంత్రం ప్రసన్నకి చెప్పాను. కిటికీ దగ్గరికెళ్ళి చూసింది.

"అమ్మా, అక్కడ ఇటుకలు తప్ప ఏమీ లేవు."

"పొద్దున్నే వస్తాడే. మంచులోనే వస్తాడు. మొదట కింద, తర్వాత పైన, ఇప్పుడు డాబా మీద."

"ఫోటో తియ్యకపోయావా?"

తీశానని ఫోన్ చూపించాను. అది అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఇది మన దుప్పటి ఫోటోనా?" అంది. మంచు తప్ప ఏమీ పడలేదు మరి.

తర్వాత అది మెల్లగా నా పక్కన కూర్చుని, నర్సు గొంతు పెట్టి, "అమ్మా, ఇవాళ ఏ వారం?" అని అడిగింది. చెప్పాను. "వందలోంచి ఏడు తీసేస్తూ వెళ్ళు చూద్దాం" అంది. నాకు! లెక్కల టీచరుకి! తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది అంటూ రెండు దగ్గర ఆగేదాకా ఊపిరి తియ్యకుండా అప్పజెప్పి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నాను. అరవై ఐదు దగ్గర వేళ్ళు లెక్కపెట్టుకుంటూ లేచిపోయింది.

గెలిచాననుకున్నాను. కానీ కాసేపటికి వరండాలో మొగుడితో ఫోన్లో అంటోంది: "తను ఏవేవో చూస్తోందండీ. చంటిపిల్లని అలా వదిలి డ్యూటీకెళ్ళాలంటే నాకు మనసొప్పడం లేదు. పాపని డే కేర్‌లో వేద్దాం. అమ్మకి వచ్చే నెల టికెట్ చూడండి."

వింటున్నారా? వాడెవడో నన్ను పీక పిసికి చంపితే ఒకరకం. ఊరికే నిలబడి, నా మతి పోయిందనిపించి, నా మనవరాల్ని నా చేతుల్లోంచి లాగేసుకుంటున్నాడు! అప్పుడు నిర్ణయించుకున్నాను. వాణ్ణి ఎదుర్కోవాలి. ఒట్టి చేతుల్తో మాత్రం కాదు.

మా తమ్ముడు దేవదానం కాకినాడలో ఆర్మ్‌డ్ రిజర్వు హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాడు. మర్నాడు మధ్యాహ్నం మిన్నుని పడుకోబెట్టి వాడికి ఫోన్ చేశాను.

"ఒరే తమ్ముడూ, ఆత్మరక్షణకి రొండిన దోపుకునేటట్టు చిన్న తుపాకీ ఏది మంచిదిరా?"



"అక్కా, బావ పోయి ఏడేళ్ళయింది కదే. ఇప్పుడెవర్ని చంపుతావు?"

"వెధవ్వేషాలెయ్యకు. అడిగిందానికి చెప్పు."

వాడికీ పాఠం చెప్పడమంటే సరదాయే, మా వంశంలోనే ఉంది. "చెయ్యి చూసి ఎంచుకోవాలక్కా, పేరు చూసి కాదు. నీ వేళ్ళు పొట్టి. పిడి చుట్టూ చెయ్యి పూర్తిగా తిరగాలి, చూపుడువేలు సాగదీయకుండా ట్రిగ్గర్‌కి అందాలి. మరీ చిన్నదైతే పేల్చినప్పుడు చేతిలో ఎగిరిపడద్ది, గురి ఉండదు. పెద్దదైతే చీరలో దాగదు. బరువైంది మొదటి వారం మోస్తావు, రెండో వారం బీరువాలో పెట్టేస్తావు. బీరువాలో ఉన్నదాంతో ఆత్మరక్షణేంటి?"

"హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటే?"

"అందులో తాళాలు, దువ్వెన, మాత్రల డబ్బా ఉంటాయి. వాటిల్లో ట్రిగ్గర్‌కి ఏది తగుల్తదో నీకు తెలుసా? దానికంటూ ఒక ఒర ఉండాలి, ట్రిగ్గర్ మూసుకుపోయి ఉండాలి. రోజూ ఒకటే చోట పెట్టుకోవాలి, కంగారులో చెయ్యి దానంతటదే అక్కడికెళ్ళాలి. ఖాళీదాంతో వందసార్లు తీసి చూసుకోవాలి."

"ఇంకా?"

"అన్నిటికంటే పెద్దది ఇది. ఎదురుగా ఉన్నదేంటో తేల్చుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. ఇప్పుడు ఇవన్నీ మర్చిపో. ఆ దేశంలో మనలాంటోళ్ళకి తుపాకీ కాదు కదా, కారం స్ప్రే పట్టుకున్నా కేసేనంట. బొమ్మ తుపాకీ చూపించి భయపెట్టినా అంతే. పోలీసులకి ఫోన్ చెయ్యి."

కడుపున పుట్టిందే నమ్మలేదు, పోలీసులు నమ్ముతారా? అయినా పాఠం విన్నాక అభ్యాసం చెయ్యకుండా ఉండలేను. వాడు చెప్పిన సూత్రాలన్నీ పెట్టుకుని ఇల్లంతా వెదికాను. అప్పడాల కర్ర పొట్టివేళ్ళకి బాగానే ఇమిడింది. రొండిన దోపుకుంటే మాత్రం కూర్చోలేకపోయాను. మసాలా దంచే ఇత్తడి రోకలి బరువు, చీర కుచ్చెళ్ళతో సహా కిందికి లాగేసింది. అల్లుడి డ్రిల్లింగ్ మిషన్ అన్ని విధాలా శ్రేష్ఠం: పిడి ఉంది, ట్రిగ్గర్ ఉంది, చూస్తేనే భయమేస్తుంది. కానీ దానికి ప్లగ్గు కావాలి. దయ్యాన్ని స్విచ్‌బోర్డు దగ్గరికి రమ్మనలేను కదా!

అప్పుడు మందుల సొరుగులో దొరికింది. జ్వరం తుపాకీ. కరోనా రోజుల్లో ప్రతి మాల్ గుమ్మం దగ్గరా అందరి నుదుళ్ళకీ గురిపెట్టేవాళ్ళే, అదన్నమాట. అప్పుడు ప్రసన్న కొన్నది. పిస్తోలు ఆకారం. తేలిక. వేలు తిన్నగా ట్రిగ్గర్ మీదకి వెళ్ళింది. తెల్ల ప్లాస్టిక్కు గనక దగ్గర్నుంచి చూస్తే ఎవరూ తుపాకీ అనుకోరు, చట్టానికీ ఇబ్బంది లేదు. అన్నిటికంటే ముఖ్యం, మా తమ్ముడి పెద్ద సూత్రం. ఎదురుగా ఉన్నదేంటో తేల్చుకోవాలన్నాడా? ఇది తేల్చే తుపాకీ! మనిషైతే ఒంటి వేడి అంకెల్లో చూపిస్తుంది. కాకపోతే ఇంగ్లీషులో ఎల్, ఓ అని రెండు అక్షరాలు పడతాయి. అంటే ఒంట్లో మనిషికి ఉండాల్సిన వేడి లేదని. గోడకి పెడితే ఎల్, ఓ. నా నుదుటికి పెడితే ముప్పై ఆరు పాయింట్ ఐదు. శాస్త్రీయంగా ఉంది.

అల్లుడి ఉన్ని మేజోడు ఒరగా మార్చి, రొండిన దోపుకుని, అద్దం ముందు అభ్యాసం మొదలుపెట్టాను. మొదటిసారి తుపాకీతో పాటు పైట వచ్చేసింది. రెండోసారి మేజోడుతో సహా వచ్చింది, గుడ్డ పిస్తోలులా. మూడోసారి చక్కగా తీసి, అద్దంలో నా నుదుటికే గురిపెట్టి నొక్కాను.

ఎల్, ఓ.

అద్దం చల్లగా ఉంటుంది కాబట్టి అలా చూపిస్తుందని నాకు తెలుసు. సైన్సు టీచరు సెలవు పెట్టినప్పుడు ఆ పాఠం చెప్పింది కూడా నేనే. అయినా తెల్లచీరలో, విరబోసుకున్న జుట్టుతో, అద్దంలో నిలబడి ఉన్న ఆవిడని చూస్తే ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

ఇక మంగళవారం. లేచేసరికి కిటికీకి ఎవరో సున్నం కొట్టినట్టుంది. అంత మంచు నేను ఇంతవరకూ చూళ్ళేదు. ఆస్పత్రి వ్యాన్ దారిలో ఎక్కడో ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. తెల్లవారినా ప్రసన్న ఇంట్లోనే ఉంది, లోపల మిన్నుకి పాలిస్తోంది. నేను తలారబోసుకుని, ప్రార్థన చేసుకుని, డాబా వైపు చూశాను. డాబాయే కనబళ్ళేదు. ఇవాళ వీడు లేడులే అనుకుని, చెత్త సంచి బయట పెడదామని వంటింటి తలుపు తీశాను.

వాడు మా ప్రహరీ గోడ మీద ఉన్నాడు.

చెయ్యి చాస్తే అందేంత దగ్గర. హెల్మెట్ కింద తెల్లటి ముఖం, అందులో రెండు గుండ్రటి కళ్ళు, చెవి నుంచి చెవి దాకా ఎర్రటి నోరు. నవ్వుతున్నాడు. చుట్టూ మంచు కదులుతోంది, వాడు కదలడంలేదు. చెత్త సంచి ఎప్పుడు జారిపోయిందో తెలీదు. కానీ తమ్ముడు చెప్పింది నిజమండీ, చెయ్యి దానంతటదే రొండికి వెళ్ళింది! ఒర రాలేదు, పైట రాలేదు, తుపాకీ ఒక్కటే వచ్చింది.

"హ్యాండ్సప్!" అన్నాను.

వాడి చేతులు అప్పటికే చాచి ఉన్నాయి.

నుదుటికి గురిపెట్టి నొక్కాను. కీచుమని చిన్న మోత. తిప్పి చూసుకున్నాను. ఎల్, ఓ.

ఒంట్లో వేడి లేదు. అప్పుడు... వాడి తల మెల్లగా పక్కకి తిరిగింది. గోడ లోపల్నుంచి వచ్చినట్టు ఒక మూలుగు వినిపించింది. వాడు ముందుకి వాలాడు, వాడి భుజం మీదుగా ఇంకో తల లేచింది! ఆ తలకి మాత్రం మీసాలున్నాయి, కళ్ళు తిరుగుతున్నాయి. ఆ కళ్ళు నన్ను చూశాయి.

నేను అరిచాను. అది నాకన్నా గట్టిగా అరిచింది.

"వామ్మో! తల్లీ, కాల్వకు! నాకు ఇద్దరు ఆడపిల్లలున్నరు!"

ఆ కేకతో తల మాయమైంది. గోడ అవతల ఇసుకలో ధబీమని చప్పుడు. హెల్మెట్ వాడు మాత్రం మా వైపు పడ్డాడు, నా కాళ్ళ దగ్గర, బోర్లా. వాడి వీపులోంచి గడ్డి బయటికొచ్చింది. తల పగిలింది. చూస్తే సున్నం పూసిన ప్లాస్టిక్ డబ్బా.

ఆ మాట మళ్ళీ మనసులో అనుకున్నాను. కాల్వకు. ఇద్దరు ఆడపిల్లలున్నరు. దయ్యం తెలుగు మాట్లాడిందా?

"ఎవరయ్యా నువ్వు? తెలుగువాడివా?"

గోడ అవతల్నుంచి భయం భయంగా, "నువ్వెవలవమ్మా? మనిషివేనా?"

"మనిషిని కాక మరేమిటి?"

"గట్లైతే గా జ్వరం మిషిను నీ నొసల్కు పెట్టుకో."

చూడండి, అరవై తొమ్మిదేళ్ళొచ్చాక నేను మనిషినని రుజువు చూపించాల్సి వచ్చింది. జ్వరం తుపాకీ నా నుదుటికి పెట్టుకుని నొక్కి, గోడ పైదాకా ఎత్తి చూపించాను. రెండు చేతులు పైకి లేచాయి, వాటి మధ్య మీసాల ముఖం. అంకెలు చదివాడు. ఆ కంగారుకి నాలుగు పాయింట్లు పెరిగాయి గానీ జ్వరమైతే లేదు. వెనక్కి తిరిగి మంచులోకి కేకేశాడు.

"ముప్పై ఆరు పాయింట్ తొమ్మిది! మనిషే రా! రాండ్రి, ఏం గాదు!"

మంచులోంచి ఒక్కొక్క హెల్మెట్ పైకి లేచింది, పక్కన ఎత్తిన చేతులతో సహా. అందరూ గోడ చాటున నక్కి ఉన్నారన్నమాట.

ఆ మీసాలాయన పేరు గంగారాం. నిజామాబాద్ దిక్కు. అక్కడ పరంజా కట్టే పని. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే వినండి.

"ఏం చెప్పాలమ్మా! నువ్వొచ్చిన దినమే మా పరంజా జారి ఒకని కాలు బెణికింది. తెల్లారి మిక్సర్ బంద్. ఎందుకని చూస్తే, గా మంచుల కిటికీ కాడ తెల్లచీర, జుట్టు ఇరబోసుకొని, మా దిక్కే చూస్కుంట పెదవులు కదుపుతున్నవు. మావోళ్ళు ముసలిది బాణామతి చేస్తుందన్నరు. కింద దిష్టిబొమ్మ పెట్టినం. నువ్వు ఆపకపోతివి, చేతులు లేపుడు షురూ చేస్తివి! పైకెక్కిచ్చినం, డాబ మీద పెట్టినం. నువ్వు ఒర్రుడు షురూ చేస్తివి! ఇగ లాభం లేదని, ఇయ్యాల సక్కగా నీ తలుపు ముంగటనే కడుతున్న."

"మరి ఎండెక్కాక ఎందుకు కనబడడు?"

"ముదీర్ వస్తడు గద! మా మేనేజరు. సైట్ల బొమ్మలేందని చూసిండంటే ఖలాస్, నన్ను పని బంద్ వెట్టి క్యాంపుకు తోలుతడు. ఆయన వచ్చేయాల్లకు దాస్తం."

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మన దగ్గర కట్టే ప్రతి ఇంటికీ ఒకడు వేలాడుతూనే ఉంటాడు కదా! మా ఇల్లు కట్టేటప్పుడు, మాకు అలాంటి నమ్మకాలు లేవయ్యా అంటే, మా మేస్త్రీ, "మీకు లేకపోతే పోనీండి అమ్మగారూ, ఇటుకలకుంటాయి" అని వెనక గోడకి కట్టనే కట్టాడు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న దిష్టిబొమ్మని, హెల్మెట్ పెట్టి దుబాయ్ పంపేసరికి గుర్తుపట్టలేకపోయాను. పైగా అది నా దిష్టికే పెట్టిన బొమ్మ!

అప్పటికి ప్రసన్న మిన్నుని చంకనేసుకుని పరుగెత్తుకొచ్చింది. దాని కళ్ళతో ఒక్కసారి చూడండి. గోడ మీద వరసగా చేతులెత్తిన మగవాళ్ళు. కింద తల పగిలి గడ్డి కక్కుతున్న శవం. మధ్యలో తెల్లచీరలో తుపాకీతో వాళ్ళమ్మ.

"అమ్మా! ఏంటిది?"

"వీడేనే. చెప్పాను కదా, మొదట కింద, తర్వాత పైన అని."

అది బొమ్మని చూసింది, నా చేతిలో ఉన్నదాన్ని చూసింది, నా రొండిన వేలాడుతున్న మొగుడి మేజోడుని చూసింది. వంటింటి మెట్టు మీద కూలబడి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మిన్ను మాత్రం ఎవర్నీ పట్టించుకోకుండా పాత స్నేహితుడికి టాటా చెప్పింది. వ్యాన్ వచ్చి హారన్ కొట్టింది. ప్రసన్న పిల్లని నా చేతుల్లో పెట్టి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "అరవై ఐదు తర్వాత ఎంతమ్మా?" అంది.

"యాభై ఎనిమిది. పో, డ్యూటీకి."

ఆ సాయంత్రం టికెట్ మాట ఎవరూ ఎత్తలేదు. డే కేర్ మాట కూడా.

ఇక ఉద్యోగం సంగతి. మర్నాడు గంగారాం గోడ దగ్గరికొచ్చి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఒక్క మాట. మా బొమ్మ తల నువ్వు పలగ్గొడ్తివి. కొత్తది చేస్తే ముదీర్ భయం. నువ్వైతే కిటికీల నిలవడితే ఎవడేమంటడు? రోజు గట్లనే జుట్టిరబోసుకొని నిలవడు. మావోళ్ళంత ఒప్పుకున్నరు, గా బొమ్మ కన్న నువ్వే జబర్దస్త్ ఉన్నవని."

ఇన్నేళ్ళు బడిలో చాకిరీ చేసి, పెన్షన్ తీసుకుంటూ, ఈ వయసులో దుబాయ్‌లో నాకు దొరికిన ఉద్యోగం ఇదండీ. ఎదురింటికి దిష్టిబొమ్మ. నేను చేరాక పరంజా జారలేదు, మిక్సర్ ఆగలేదు. మంచు పడ్డ రోజైతే పనివాళ్ళు ఒక్కొక్కరే కిటికీ ముందు ఆగి, నాకు దణ్ణం పెట్టుకుని మరీ పైకెక్కుతున్నారు.